సుద్దగీతకు అవతల

"ఆ పెట్టె తీసి లోపల పెట్టమంటారా, అక్కడే ఉంచమంటారా? ముందు అది చెప్పండి."

కండక్టరు 'అండీ' అంటే ఇంట్లో గాలి ఆడదు. పెళ్లయిన ఏడేళ్లుగా ఆమె మొగుణ్ని 'నువ్వు' అనే పిలిచింది. తిట్టినా నువ్వే, ముద్దు చేసినా నువ్వే. తొమ్మిది రోజుల నుంచి 'మీరు' అంటోంది. టిక్కెట్టు తీసుకోని మనిషిని బస్సులోంచి దించే ముందు ఆమె గొంతు అచ్చం ఇలాగే ఉంటుందని డిపోలో అందరికీ తెలుసు.

మొగుడు దర్జీ. మిషను ముందు కూర్చుని నీళ్లు నమిలాడు. పెట్టె గుమ్మం పక్కనే ఉంది. దాని మీద కూతురు చిటికె గౌన్లు మడతపెట్టి ఉన్నాయి. అన్నీ అతను కుట్టినవే.

"ఆదివారంలోగా కొలను చుట్టూ కంచె కట్టేస్తా," అన్నాడు.

"ఏ ఆదివారం?"

"ఈ ఆదివారమే. ఇంకా నాలుగు రోజులున్నాయిగా."

"మీ ఆదివారాలు నాకు తెలీవా? 'రేపు రండమ్మా' అని ఊరందర్నీ తిప్పుకునే మనిషి మీరు. వెనక తలుపు గడియ ఊడిందని చెప్పి ఎన్నాళ్లయింది? రేపన్నారు. ఎల్లుండన్నారు. ఆ గడియ అలాగే వేలాడుతోంది. పిల్ల వెళ్లి నీళ్లలో పడింది."

అతను మిషను సూదిలో దారం తీసి మళ్లీ ఎక్కించాడు.

కోటు చంక దగ్గర పట్టేస్తోందని ఆ రోజు ఒకాయన వచ్చాడు. అతను గుండుసూదులు నోట్లో పెట్టుకుని చంక విప్పుతున్నాడు. మూడున్నరేళ్ల చిటికె తన గుడ్డబొమ్మను చంకనేసుకుని వెనక తలుపు తోసుకుని వెళ్లిపోయింది. పై అంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు టీచరమ్మ కిటికీలోంచి చూసేసరికి పెరట్లోని ఈత కొలనులో బొమ్మ తేలుతోంది. పిల్ల తేలడం లేదు. డెబ్బై ఏళ్ల మనిషి చీరతోనే దూకి, పైకి లాగి, నోట్లో నోరు పెట్టి ఊపిరి పోసింది.

చిటికె బతికింది. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉండి మొన్న ఇంటికొచ్చింది. చిక్కి సగమైంది. కానీ నోరు విప్పలేదు. తెల్లారిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాగుడుకాయలా మాట్లాడే పిల్ల, ఇప్పుడు గుడ్డలు కత్తిరించే బల్ల కింద కూర్చుని ఖాళీ దారపు రీలు అటూ ఇటూ దొర్లిస్తుంది. మాట వస్తుంది, తొందరపెట్టకండి అన్నాడు డాక్టరు. ఎప్పుడొస్తుందో ఆయనా చెప్పలేదు.

"వినండి," అంది కండక్టరు. "కంచె ఒక్కటే కాదు. దానికి గేటు, గేటుకి తాళం. తాళంచెవులు రెండే. ఒకటి టీచరమ్మకి. ఒకటి నాకు."

"మరి నాకు?"

"మీకెందుకు?"

బల్ల కింద రీలు దొర్లి గోడకు తగిలింది. ఇద్దరూ అటు చూశారు, మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదు.

"ఆదివారం సాయంత్రం మా అన్నయ్య బండి తెస్తాడు. కంచె ఉంటే ఖాళీ బండి తోలుకుని పోతాడు. లేకపోతే అందులో మేమిద్దరం ఎక్కుతాం. మళ్లీ రాం."

ఆమె కోపంతో అనలేదు, అందుకే అతనికి భయమేసింది.

*

పనివాళ్లను పెడదామంటే రెండు వారాల దాకా ఎవరూ రామన్నారు. ఎవరో చేసే పని కాదు ఇది, నేనే చెయ్యాలి అని అతనికీ అనిపించింది. దుకాణంలో చెక్క పట్టీలు, గుంజలు, సిమెంటు కొని, వాళ్లిచ్చిన సూచనల కాగితాన్ని కస్టమరు కొలతల చీటీలాగా గోడకు గుచ్చుకున్నాడు.

కంచె ఏడడుగులు ఉండాలి. అడ్డపట్టీలు కొలను వైపే ఉండాలి, ఇవతల ఉంటే పిల్లలు వాటిని నిచ్చెనలా ఎక్కేస్తారు. గేటు బయటికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకోవాలి. పట్టీకీ పట్టీకీ మధ్య సందు నాలుగు అంగుళాలు మించకూడదు. ఈ ఆఖరి మాట కింద ఎర్ర గీత ఉంది.

"నీళ్లు తీసేయించరాదూ టీచరమ్మా, ఈ గొడవంతా ఉండదు," అన్నాడు గుంత తవ్వుతూ.

"తీసేస్తే ఎనిమిదడుగుల సిమెంటు గొయ్యి అబ్బాయ్. అందులో పడితే ఎవరు దూకినా లాభం లేదు." టీచరమ్మ గుంజను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కంట్లో పొర వచ్చి, వాలు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి తల అటూ ఇటూ తిప్పుతోంది. "ముప్పై ఏళ్లు ఈ నీళ్లలో ఈత నేర్పా. ఒక్కరోజు కూడా అడ్డం కట్టాలనిపించలేదు. వచ్చిన పిల్లలందరికీ నేర్పుతున్నా కదా అనుకున్నా. రాని పిల్ల ఒకతి నా ఇంట్లోనే పెరుగుతోందని బుర్రకి తట్టలేదు."

"మీరు లేకపోతే..."

"ఆ మాట వద్దు. పార అందుకో."

కొలను గట్టున ఒక పొట్టి కుళాయి ఉంది. దాని మెడకు చిటికె గుడ్డబొమ్మ వేలాడుతోంది. ఆ రోజు నీళ్లలోంచి తీసి ఎవరో దాని మీద ఆరేశారు. దర్జీ తట్ట పక్కన పెట్టి, ఆ బొమ్మను తీద్దామని చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి."

వెనక గుమ్మంలో కండక్టరు నిలబడి ఉంది. చిటికె ఆమె చంకన ఉంది. పిల్ల కళ్లు బొమ్మ మీదే ఉన్నాయి.

"దాన్ని అక్కడే ఉండనివ్వండి. ఈ పని అయ్యేదాకా మీకు రోజూ కనపడాలి. అయ్యాక కూడా కనపడాలి."

"అమ్మాయ్, పిల్ల చూస్తోంది," అంది టీచరమ్మ మెల్లగా.

"చూడనివ్వండి."

పిల్ల మొహం తన భుజానికి అదుముకుంది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. పిల్లనెత్తుకుని లోపలికి పోయింది.

దర్జీ చెయ్యి దించుకున్నాడు. సిమెంటు ఆరిపోతోందని టీచరమ్మ గుర్తు చేసేదాకా అక్కడే నిలబడ్డాడు.

*

గుంజలు బిగిశాయి. అడ్డపట్టీలు పడ్డాయి. ఇక నిలువు పట్టీలు. ఒక్కో సందునూ టేపుతో కొలుస్తూ కూర్చుంటే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం కూడా చాలదు. అతనికి ఒక ఉపాయం తోచింది. నాలుగు అంగుళాల చెక్క దిమ్మె ఒకటి కోసుకుంటే చాలు. ఒక పట్టీ బిగించి, దిమ్మె ఆనించి, దాని పక్కన ఇంకో పట్టీ బిగించి, దిమ్మె జరపడం. కాలర్లన్నిటికీ ఒకే అచ్చు వాడినట్టే.

చెక్క బల్ల మీద పెట్టాడు. చెవి వెనక నుంచి సుద్ద తీసి, టేపు పరిచి, రెండు గీతలు గీశాడు. కచ్చితంగా నాలుగు. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి అతని చేతికి తెలిసిన పని దొరికింది. రంపం పట్టుకుని ఎప్పటిలాగే గీతలు చెరగకుండా, వాటికి కాస్త ఇవతలా అవతలా వదిలేసి, ఒక్క వంకర పోకుండా కోశాడు. గరుకుకాగితంతో రుద్దితే దిమ్మె అద్దంలా వచ్చింది.

శనివారం మధ్యాహ్నానికి మూడు వైపులా పట్టీలు నిలబడ్డాయి. దువ్వెన పళ్లలా ఒకే తీరు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఈయన కట్టాడా అని ఒకరు, ఈయన చెప్పిన రోజుకే కట్టాడా అని ఇంకొకరు ఆశ్చర్యపోయారు.

టీచరమ్మ సందులో చెయ్యి పెట్టి చూసింది. పిడికిలి పోయింది, ఇంకా చోటు మిగిలింది.

"వెడల్పుగా లేదూ?"

దర్జీకి ఎక్కడో గుచ్చుకుంది. గడియ విషయంలో ఎవరేమన్నా పడతాడు. కొలత విషయంలో పడలేడు.

"టీచరమ్మా, ఇరవై రెండేళ్లుగా మెళ్లో టేపు వేసుకుని తిరుగుతున్నా. నాలుగంగుళాలంటే ఎంతో నాకు చెప్పాలా?"

"అబ్బే, నా కళ్లకి ఇప్పుడు అన్నీ వెడల్పుగానే కనిపిస్తున్నాయిలే. సోమవారం ఆస్పత్రికి వెళ్లి ఈ పొర తీయించుకొస్తా. ఒకరోజు అక్కడే ఉండమన్నారు." ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "బాగుంది నాయనా. బాగా కట్టావు."

*

ఆదివారం కండక్టరు తనిఖీకి వచ్చింది. ఇంట్లో మనిషిలా రాలేదు, కిక్కిరిసిన బస్సులో టిక్కెట్లు చూసే మనిషిలా వచ్చింది. గేటు తెరిచి వదిలింది. స్ప్రింగు లాగడంతో గేటు టప్పున మూసుకుంది. మళ్లీ తెరిచింది, మళ్లీ వదిలింది. అయిదుసార్లు. గుంజల్ని భుజంతో నెట్టింది. కదల్లేదు. ఇవతల వైపు కాలు పెట్టేందుకు ఏదైనా దొరుకుతుందేమోనని చెప్పు విప్పి ప్రయత్నించింది. జారిపోయింది.

"సందు నాలుగేనా?"

"నాలుగే. ఇదిగో దిమ్మె. నువ్వే పెట్టి చూసుకో."

ఆమె దిమ్మె తీసుకుని ఒక మూల నుంచి మొదలెట్టింది. ప్రతి సందులోనూ పెట్టింది. ప్రతిదాంట్లోనూ అచ్చు గుద్దినట్టు పట్టింది. వెంట్రుకవాసి తేడా లేదు. ఆఖరి సందు దాకా వచ్చేసరికి ఆమె మొహంలో ఏదో సడలింది.

తాళం వేసింది. తాళంచెవి తన ఈల తాడుకు గుచ్చి మెడలో వేసుకుంది. రెండోది టీచరమ్మ చేతిలో పెట్టింది. దర్జీ చేతులు ఖాళీగా వేలాడాయి.

సాయంత్రం బండి వచ్చి వీధిలో హారన్ కొట్టింది. ఆమె బయటికి వెళ్లి అన్నయ్యతో ఏదో మాట్లాడింది. బండి వచ్చిన దారినే పోయింది. లోపలికొచ్చి, గుమ్మం దగ్గరి పెట్టె పట్టుకుని గదిలోకి ఈడ్చింది. ఆ చప్పుడు విని దర్జీ మిషను వెనక మొహం దాచుకుని ఏడ్చాడు. మొగాడు ఏడవొచ్చా అనే ఆలోచన కూడా రాలేదు.

"ఒకటి అడుగుతా. నిజం చెప్పాలి," అంది ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని. "పిల్ల కనపడకుండా పోయి రెండు నిమిషాలని డాక్టరుకి చెప్పావు. నిజంగా ఎంతసేపు?"

'చెప్పావు' అంది. అతను విన్నాడు.

"తెలీదు."

"తెలీదంటే?"

"నాకు తెలీదు. రెండని నోటికొచ్చింది. ఒక చంక విప్పి రెండోది మొదలెట్టా. పిల్ల ఎప్పుడు లేచి వెళ్లిందో నాకు తెలీదు. నేను చూడలేదు."

బల్ల కింద రీలు దొర్లుతోంది.

"మొదటే ఇది చెప్పి ఉంటే సరిపోయేది," అంది చివరికి. "రేపటి నుంచి డ్యూటీకి వెళ్తా. ఇంక సెలవు ఇవ్వరు." లేచి రెండడుగులు వేసి ఆగింది. "వెనక తలుపు గడియ?"

"రేపు," అన్నాడు.

ఆ మాట జారాక నాలుక కరుచుకున్నాడు. ఆమె అతన్ని చూసింది. అతను ఆమెను చూశాడు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. నవ్వు అలవాటు తప్పిన మనుషుల్లా ఇద్దరూ కాసేపు నవ్వారు. తర్వాత ఆమె కళ్లు తుడుచుకుంది.

"పోనీలే. ఇప్పుడు కంచె ఉందిగా. నువ్వు తిన్నావా?"

*

సోమవారం ఉదయం కండక్టరు ఈల తాడు మెడలో వేసుకుని మొదటి బస్సుకు వెళ్లింది. టీచరమ్మ చిన్న సంచి పట్టుకుని కంటి ఆస్పత్రికి వెళ్లింది. ఇంట్లో దర్జీ, చిటికె మిగిలారు.

రెండు వారాల పని పేరుకుపోయింది. అతను చిటికెను బల్ల కిందే కూర్చోబెట్టుకున్నాడు. చేతిలో రీలు ఇచ్చాడు. రీలు దొర్లుతున్నంతసేపూ పిల్ల అక్కడే ఉన్నట్టు. ఆ చప్పుడు మీద ఒక చెవి ఉంచి, కోటు చంక విప్పించుకుని పోయినాయన ప్యాంటుకు గుడ్డ పరిచాడు. కంచె కట్టేశాం, ఇంక మాట ఒక్కటి వచ్చేస్తే చాలనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ప్రాణం కాస్త కుదుటపడింది.

సుద్దతో గీశాడు. కత్తెర అందుకుని కత్తిరించడం మొదలెట్టాడు.

సగం దాకా వచ్చి అతని చెయ్యి ఆగింది.

కత్తెర గీత మీద లేదు. గీతకు ముప్పావు అంగుళం అవతల నడుస్తోంది. అలాగే నడవాలి. గీత మీద కత్తిరిస్తే లోపలికి మడిచి కుట్టడానికి గుడ్డ మిగలదు. మొదటిరోజు గురువు చేతి మీద స్కేలుతో కొట్టి నేర్పిన పాఠం అది. గీత కుట్టుకి, కత్తెరకి కాదు. ఇరవై రెండేళ్లలో ఏనాడూ ఆ చెయ్యి గీత మీద కత్తిరించలేదు.

గుడ్డయితే లోపలికి మడుస్తాం. చెక్కను ఎక్కడ మడుస్తాం?

కిటికీ గూట్లో ఉన్న దిమ్మె లాగి, మెళ్లోని టేపు దాని మీద పరిచాడు. టేపు రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది.

అయిదున్నర.

ఇటు ముప్పావు, అటు ముప్పావు. ప్రతి సందూ అయిదున్నర. ఆమె దిమ్మె పెట్టి చూసింది, అన్నిట్లోనూ సరిపోయింది, సరిపోక ఏం చేస్తుంది? టీచరమ్మ కళ్లలో పొర పెట్టుకుని కూడా వెడల్పుగా ఉందని చెప్పింది. తనే ఆవిడ మొహాన కొట్టినట్టు జవాబిచ్చాడు.

ఈ పూటే సరిచేస్తా, ఒక్కో సందుకీ మధ్యలో ఇంకో పట్టీ కొడతా, బస్సు తిరిగి వచ్చేలోపలే, అని లెక్క వేసుకుంటూ సుత్తి కోసం వంగాడు.

బల్ల కింద రీలు ఉంది. కదలడం లేదు.

చిటికె లేదు.

రీలు ఎప్పుడు ఆగిందో అతనికి తెలీదు. వెనక తలుపు ఓరగా తెరుచుకుని ఉంది. ఊడిన గడియ గాలికి తలుపును తడుతోంది.

"నాన్నా!"

రెండు వారాలుగా ఆ ఇంట్లో అందరూ ఎదురుచూసిన గొంతు. తేటగా, బొంగురు లేకుండా, ఏమీ జరగనట్టు. ఒక్క క్షణం దర్జీకి పోయిన ప్రాణం లేచివచ్చింది. మాట వచ్చింది, నా తల్లికి మాట వచ్చింది, అనుకున్నాడు.

అప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది.

పరుగెత్తి వెళ్లి కంచెకు తగిలాడు. కంచె కదల్లేదు. గేటు కదల్లేదు. తాళం కదల్లేదు. కాలు పెట్టడానికి ఎక్కడా చోటు లేదు, చోటు లేకుండా తనే కట్టాడు. ఒక తాళంచెవి ఊరి అవతలి చివర బస్సులో కండక్టరు మెడలో ఉంది. రెండోది టీచరమ్మ సంచిలో ఆస్పత్రికి పోయింది.

పట్టీల అవతల, గట్టు మీద, చిటికె గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డబొమ్మ. మోచేతి మీద మాత్రం చిన్న గీరుడు.

"నాన్నా, బొమ్మ ఆరిపోయింది."

అతను సందులోంచి చెయ్యి దూర్చాడు. భుజం దాకా పోయింది. అక్కడితో ఆగింది.

"అవునమ్మా. ఆరిపోయింది. అక్కడే కూర్చో. కదలకు నా తల్లీ. నాన్న వస్తున్నాడు."

చిటికె బొమ్మను తిప్పి తిప్పి చూసింది. దాని జుట్టు ఎండకు అట్టకట్టింది.

"గట్టిగా అయిపోయింది," అంది. "తడిపి తెస్తా."

లేచి, నీళ్ల వైపు తిరిగింది.